అందరికీ 980 యేనా?

ఇంటరు చదివే పిల్లలున్న ఇళ్ళలో సంక్రాంతి దాటిందంటే ఒక గృహపరిశ్రమ మొదలవుతుంది. రికార్డులు రాయడం! బొద్దింక జీర్ణవ్యవస్థ అమ్మ గీస్తుంది, పరీక్షనాళికలు అన్నయ్య గీస్తాడు, మిగతాదంతా నిరుడు పాసైన పిల్ల పుస్తకంలోంచి దిగుతుంది. అమ్మాయిగారు చేసేదల్లా అట్ట మీద పేరు రాసుకోవడం.

మా కె.కోటపాడులో పక్కింటి పిల్ల, నా దస్తూరీ బాగుంటుందని, తన రికార్డు పట్టుకొచ్చింది. నేను బి.ఏ. దాన్ని. లఘులోలకమంటే గోడగడియారానికి చుట్టమనుకునే రకం. అయినా తిరగేశాను. గురుత్వ త్వరణం 980.

"నీకెంత వచ్చిందే?" అన్నాను.

"1080 దాటింది పిన్నీ. సారు 980 వేసేసుకోమన్నారు."

నేను రాయనన్నాను. ఏం చేశావో వరసగా, నీ మాటల్లో నువ్వే రాయమన్నాను. మూతి ముడుచుకుని కూర్చుంది. "గుండు వదుల్తూ ఒకటి అన్నాను" అని రాసి, కలం ఆపేసింది. వదిలినప్పుడు సున్నా అనాలిట! ఇరవై ఊపులనుకున్నవి నిజానికి పంతొమ్మిదే. కాలం తక్కువ పడింది, త్వరణం ఎక్కువొచ్చింది. రాస్తేనే కదా, దొంగ దొరికింది! ఎత్తి రాసిన 980లో ఆ దొంగ ఎక్కడ దొరుకుతాడు?

టైము లేదంటారు లెక్చరర్లు. పది పేజీలు ఎత్తి రాయడానికి ఉన్న టైము, సొంతంగా రెండు పేజీలు రాయడానికి లేదా? ప్రయోగానికి ముందు ఏమవుతుందనుకున్నావు, తీరా ఏమైంది, తేడా ఎందుకొచ్చింది. ఈ మూడు ముక్కలూ చాలవూ?

పుస్తకాలు బైండు చేసే కుర్రాడిగా బతుకు మొదలెట్టిన మైకేల్ ఫారడే తన ప్రయోగాల డైరీలో పేరాలకి అంకెలు వేస్తే పదహారు వేలు దాటాయి. 1849లో గురుత్వానికీ విద్యుత్తుకీ చుట్టరికం ఉందేమోనని వెతికి, కనబడలేదని కూడా రాసుకున్నాడు. ఆయన చేత 980 వేయించే సారు లేకపోబట్టి సరిపోయింది!

అంత దూరమెందుకు, మా చోడవరం వైపు బెల్లం వండేవాళ్ళు పాకం నీళ్ళలో వేసి చూస్తారు. నిరుటి పాకం తల్చుకుని ఈ ఏడు పెనం దించరు.

తప్పు ఫలితానికి మార్కులు పోతాయని భయపడే తల్లులకి ఒక మాట. ఆ భయం నిజమే. అయితే కాలేజీకి వెళ్ళి, కారణం రాసిన పిల్లకి మార్కులెందుకివ్వరని అడగండి. బొద్దింక సంగతంటారా, ఎన్ని వంకర్లు పోయినా సరే, పిల్లనే గియ్యనివ్వండి.