స-గ-ప చేసిన నేరమేమిటి?

గత వేసవిలో నస్రుల్లాబాద్ వెళ్ళినప్పుడు మా అక్క కొడుకు కీబోర్డు మంచం కింద, వడ్ల సంచి పక్కన, దుమ్ము కొట్టుకుని కనిపించింది. పన్నెండేళ్ళ పిల్లవాడు. ఆరు నెలల పాటు ప్రతి ఆదివారం బస్సెక్కి వెళ్ళి నేర్చుకున్నాడు. ఎందుకు మానేశావురా అని అడిగితే కాసేపు నేల చూపులు చూసి, "ఏం వాయించినా ఒక్కతీర్గనే వినబడ్తున్నది మామా. నాకు రాదు గది" అన్నాడు.

వాడికి రాదట! నా కోపమంతా ఆ ఒక్క మాట మీదనే. పన్నెండేళ్ళకే ఒక పిల్లవాడి చేత ఆ మాట అనిపించిన బోధనా పద్ధతి మీద ఈ టపా. ఆ నేర్పినవారెవరో నాకు అనవసరం. ఇదే పద్ధతి హైదరాబాదు అపార్టుమెంట్లలోనూ చూశాను, అమెరికాలో మనవాళ్ళ పిల్లలకు నేర్పే చోటా చూశాను. కనుక దీన్ని ఒక వ్యక్తి తప్పుగా కాక ఒక జాడ్యంగా పరిగణించి చదువుకోగలరు.

వాడికి నేర్పినవి మూడు కార్డులు: సి, ఎఫ్, జి. (కార్డు అంటే రేషన్ కార్డు కాదు, ఒకే క్షణాన కలిసి పలికే మూడు లేక అంతకు మించిన స్వరాల గుంపు. 'స్వరసంఘాతం' అని ఒక మాట పుట్టిద్దామని నాకూ చేయి దురద పెట్టింది గానీ, పిల్లవాడు పారిపోతాడని ఊరుకున్నాను.) సి ని షడ్జమంగా పెట్టుకుంటే, మన పెట్టెవాళ్ళ భాషలో ఒకటో శ్రుతిలో, సి కార్డు స-గ-ప, ఎఫ్ అంటే మ-ద-స, జి అంటే ప-ని-రి. మూడు వేళ్ళూ ఒకేసారి ధబ్బున పడాలి, మళ్ళీ లేవాలి, పక్కకు దూకాలి, మళ్ళీ ధబ్బున పడాలి. వెనక నుంచి రిథమ్ బటన్ డప్పు. వాడికి విసుగు పుట్టిందంటే వాడి చెవి పనిచేస్తున్నదన్నమాట.

విసుగు పుట్టిందని చెబితే వాడికి దొరికిన సమాధానాలు రెండు. పెద్ద కీబోర్డు కొనమన్నారట. ఇంకా కొత్త కార్డులు నేర్చుకోమన్నారట, సెవెంతులు, నైంతులు, థర్టీంతులు. ఫోనులో చూసినా అదే ప్రచారం: ఈ అయిదు కార్డులు నేర్చుకోండి, మీ వాద్యం మారిపోతుంది! ముగ్గురు ఇరుక్కుని కూర్చున్న ఆటోలో ఊపిరాడడం లేదని మొరపెట్టుకుంటే, ఇంకో ఇద్దరిని ఎక్కించుకోమని సలహా ఇచ్చినట్టుంది.

నా వాదన ఇది: ఆ మూడు కార్డులలో ఏ లోపమూ లేదు. లోపమంతా వాటిని ఇరికించి, దూకించి, అరిపించడంలో ఉంది. బాగు చేయడానికి కొత్త స్వరాలు అక్కరలేదు. ఉన్నవాటిలో కొన్నింటిని కదపకుండా ఉంచాలి, కొన్నింటిని దూరంగా జరపాలి, కొన్నింటిని తీసివేయాలి. ఈ మూడు పనులూ మన చెవులకు ఏనాడో తెలుసు.

మా పెద్దబాపు హనుమాండ్ల గుడి భజనలో పెట్టె వాయించేవాడు. కార్డు అన్న మాట ఆయన జీవితంలో విని ఉండడు. చేతిపెట్టె కనుక ఎడమచేయి తిత్తి ఊదడానికే సరి, వాయించడానికి మిగిలింది కుడిచేయి ఒక్కటే. ఆ ఒక్క చేత్తోనే, బొటనవేలిని షడ్జమం మీద అదిమిపెట్టి, మిగిలిన నాలుగు వేళ్ళతో పాటను నడిపేవాడు. పాట ఎటు తిరిగినా కింద షడ్జమం కదిలేది కాదు. కదలని దాని మీద కదిలేది వినబడుతుంటే ప్రతి స్వరానికీ ఒక రంగు వచ్చేది. ఋషభం దగ్గర కొంచెం ఉద్విగ్నత, గాంధారానికి రాగానే నెమ్మది. ఇది కిటుకు అని ఆయన అనుకోలేదు. వేళ్ళు తక్కువయ్యాయి కనుక అలా కుదిరింది, అంతే.

జర్మనీలో బాఖ్ 1722 నాటి తన 'వెల్ టెంపర్డ్ క్లావియర్' మొదటి భాగాన్ని సి మేజరు ప్రిలూడ్‌తో ఆరంభించాడు. వినని మిత్రులు ఒకసారి వినండి. అందులో పాట అంటూ విడిగా ఏమీ లేదు, ఉన్నవన్నీ కార్డులే. అయితే చివరి దానిని మినహాయిస్తే ఒక్కటీ ధబ్బున పడదు. ఒక్కొక్క స్వరమే, కింది నుంచి పైకి, దండలో పూలు గుచ్చినట్టు వస్తుంది. మొదటి పట్టీలో కింద షడ్జమం. రెండో పట్టీలో పైన స్వరాలు మారతాయి, కింద షడ్జమం మారదు. మూడో పట్టీలో ఆ షడ్జమం ఒక్క అర్ధస్వరం దిగి నిషాదమవుతుంది, నాలుగో పట్టీలో తిరిగి ఇంటికి వస్తుంది. ఇది పెద్దబాపు బొటనవేలే. బాఖ్‌కు రెండు చేతులూ ఖాళీగా ఉన్నాయి, ఈయనకు ఒకటే ఉంది. తేడా అంతవరకే అంటే నా మీద రాళ్ళు వేయకండి.

ఇప్పుడు లెక్కకు వద్దాం. స-గ-ప నుంచి మ-ద-స కు, నేర్పిన పద్ధతిలో చేయి మొత్తం ఎత్తి దూకితే, ఒక్కో వేలు అయిదు అర్ధస్వరాలు కదలాలి. మూడు వేళ్ళకూ కలిపి పదిహేను. అదే షడ్జమం మీది వేలిని అక్కడే ఉంచి, గాంధారాన్ని ఒక్క మెట్టు పైకి మధ్యమానికి, పంచమాన్ని రెండు మెట్లు పైకి దైవతానికి జరిపితే వచ్చేది అదే ఎఫ్ కార్డు: స-మ-ద. మొత్తం కదలిక మూడు మెట్లు. జి కార్డుకైతే పంచమం కదలదు. షడ్జమం ఒక మెట్టు కిందికి, గాంధారం రెండు మెట్లు కిందికి. మళ్ళీ మూడే. పదిహేను మెట్ల దూకుడులో చెవికి వినిపించేది దూకుడే. మూడు మెట్ల కదలికలో మాత్రం ఏ స్వరం ఎటు నడిచిందో వినబడుతుంది. ఆసక్తి అంటే ఇంతకన్నా ఏముంది? పాశ్చాత్య పుస్తకాలలో దీన్ని ఇన్వర్షన్ అనే పేరుతో ఎక్కడో వెనక అధ్యాయంలో పెడతారు. మొదటి రోజే నేర్పవలసినది అది.

ఇక ఇరికించడం సంగతి. తంబురా విన్నవారికి స్వయంభూ గాంధారం గురించి చెప్పనక్కరలేదు. తంబురాకు గాంధారపు తీగ ఉండదు. అయినా బాగా శ్రుతి చేసిన షడ్జమపు తీగ మీటితే అందులోంచి అంతర గాంధారం దానంతటదే లేస్తుంది. తీగలో దాగిన స్వరాల వరుస ఇది: షడ్జమం, దాని పై షడ్జమం, ఆ పైన పంచమం, మళ్ళీ షడ్జమం, అందరికన్నా పైన గాంధారం. కింద ఎడం ఎక్కువ, పైకి పోయే కొద్దీ స్వరాలు దగ్గరవుతాయి. ఇక మన కీబోర్డు విద్యార్థి చేసేదేమిటి? ఎడమచేత్తో, మంద్రంలో, స-గ-ప మూడింటినీ పక్కపక్కనే కుక్కుతాడు. వినిపించేది బురద. గాంధారాన్ని అక్కడి నుంచి తీసి కుడిచేతికి, పై సప్తకానికి ఇవ్వండి. ఎడమచేతిలో స, ప రెండే మిగలనివ్వండి. అవే మూడు స్వరాలు, గది కిటికీలు తీసినట్టుంటుంది.

ఇక్కడే రెండో పక్షంతోనూ నాకు తగవుంది. "కార్డులనేవి మనవి కావు, మన రాగానికి పట్టవు" అనే పెద్దలు మన బ్లాగ్లోకంలోనూ ఉన్నారు. అయ్యా, స్వయంభూ గాంధారం ఎవరిది? స-గ-ప మీ తంబురాలో లేదా? 1940 మార్చి 1 నుంచి ఆలిండియా రేడియోలో హార్మోనియాన్ని నిషేధించారు, 1971లో గానీ షరతులతో సడలించలేదు. మెట్లకు గమకం పలకదనీ, వాటి శ్రుతులు మన శ్రుతులకు సరిగ్గా సరిపోవనీ అప్పటి వాదన. అందులో నిజం లేకపోలేదు. ఋషభాన్ని ఊపవలసిన చోట మెట్టు ఏం చేస్తుంది? కానీ ఆ ముప్పై యేళ్ళలో మన పద్యనాటకాలలో గానీ, భజనలలో గానీ పెట్టె ఆగిందా? ఆగలేదు. వాయించేవారు తమ వేళ్ళతోనే ఒక పరిష్కారం వెతుక్కున్నారు. పట్టనిచోట పట్టకుండా ఊరుకున్నారు. ఊరుకోవడం కూడా వాద్యమే సుమా.

మా వాడి అసలు కథ ఇక్కడుంది. వాడికి నేర్పిన పాటలలో ఒక మోహన రాగపు భజన ఉంది. మోహనలో స్వరాలు అయిదే: స రి గ ప ద. మధ్యమమూ లేదు, నిషాదమూ లేదు. కానీ చేతిలో ఉన్నవి ఆ మూడు కార్డులే కదా! కనుక దైవతం వచ్చినప్పుడల్లా ఎఫ్ కార్డు, దానితో మధ్యమం లోపలికి వచ్చింది. ఋషభం వచ్చినప్పుడల్లా జి కార్డు, దానితో నిషాదం దూరింది. "ఆడికి రాంగనే ఏదో గుచ్చుతది మామా. చెప్తే, గట్టిగ ఒత్తుతలేవు అన్నరు" అన్నాడు. వాడి చెవిలో రాగం ఉంది. గుచ్చుకున్నది రాగానికి అన్యమైన స్వరం. సరిగ్గా విన్న పిల్లవాడికి నీ వేలిలో బలం లేదని చెప్పి పంపడం కన్నా అన్యాయముందా?

(తెలిసి అన్యస్వరాన్ని కార్డులో తెచ్చి, పాటను కొత్త వెలుగులో చూపించిన సినీ సంగీత దర్శకులున్నారు. ఇళయరాజా పాటలు విన్నవారికి ఇది తెలిసిందే. తెలిసి తెచ్చుకోవడం వేరు, వేరే కార్డు రాక తెచ్చుకోవడం వేరు.)

ఆ సాయంత్రం కీబోర్డు దుమ్ము దులిపి, రిథమ్ బటన్ ఆపించి వాడికి చూపించినది ఇంతే. స-గ-ప పట్టుకో. ఋషభం వచ్చిందా? గాంధారం మీది వేలొక్కటి రెండు మెట్లు కిందికి దించు: స-రి-ప. దైవతం వచ్చిందా? మళ్ళీ స-గ-ప కు వచ్చి, ఈసారి పంచమం మీది వేలొక్కటి రెండు మెట్లు పైకి: స-గ-ద. అంతే. మోహన దాటకుండా మూడు కార్డులు, ప్రతి మార్పుకూ ఒకే వేలు. ఇంగ్లీషు లెక్కలో వీటికి సస్ టూ అనీ, ఏ మైనరు అనీ గంభీరమైన పేర్లున్నాయి. వాడికి చెప్పలేదు. ఏ వేలు కదిలిందో వినమన్నాను. ఆ తరువాత, ప్రతి మాటకూ కార్డు వేయనక్కరలేదని చెప్పి, ఒక చరణమంతా స-ప మాత్రమే పట్టించి, చివర పల్లవికి వచ్చేటప్పుడు గాంధారం కలపమన్నాను. వాడేమీ అనలేదు. ఆ ఒక్క గాంధారాన్నే వేసి తీసి, వేసి తీసి, అక్క అన్నానికి రమ్మని రెండుసార్లు పిలిచేదాకా కూర్చున్నాడు.

సరళీ స్వరాలు నేర్చిన పిల్లలకు ఇంకా విచిత్రమైన సంగతి ఒకటుంది. వాళ్ళ మొదటి రాగం మాయామాళవగౌళ. అందులో సి-ఎఫ్-జి సూత్రం మొదటి గంటలోనే కుప్పకూలుతుంది. మ-ద-స మైనరు అవుతుంది, ప-ని-రి అయితే పేరు పెట్టడానికి కూడా తిప్పలు. కానీ స-గ-ప పక్కనే, సరిగ్గా అర్ధస్వరం పైన, రి-మ-ద మరో మేజరు కార్డుగా నిలబడి ఉంది. ఈ రెండూ మెల్లగా, ఒకదాని తరువాత ఒకటి, కింద షడ్జమం వదలకుండా వాయించి చూడండి. పాఠ్యపుస్తకం కొననక్కరలేదు. ఒక్క జాగ్రత్త: పాటలో ఋషభానికి గమకం ఉంటే అక్కడ చేయి తీసేయండి.

తక్కువ కార్డులతో పని జరగదని ఇంకా అనేవారికి ఎరిక్ సతీ 1888లో రాసిన మొదటి జిమ్నోపెదీని గుర్తు చేస్తాను. మొదలు కాగానే రెండే కార్డులు, ఊయలలా అటూ ఇటూ. ఎడమచేయి కింద ఒక్క స్వరం వేసి, చాలా పైకి వెళ్ళి కార్డు పెట్టి అక్కడే ఉంచుతుంది. మధ్యలో ఉన్నది ఖాళీ. మొజార్ట్ తాను కొత్తగా నేర్చుకునేవారి కోసం అని చెప్పుకున్న 1788 నాటి సి మేజరు సొనాటాలో ఎడమచేతి ఆరంభం స-ప-గ-ప, స-ప-గ-ప. సి కార్డే, విడదీసి. (ఈ సతీ కార్డులు రెండూ సెవెంతులు కదా అని పట్టుకునే మిత్రులున్నారని తెలుసు. నిజమే. కానీ వాటి హాయి ఆ నాలుగో స్వరం కన్నా ఆ ఖాళీ వల్లనే ఎక్కువని నా పట్టుదల. ఆ నాలుగు స్వరాలనూ మంద్రంలో కుక్కి వాయించి చూసి, ఆ తరువాత వ్యాఖ్య రాయండి.)

రిథమ్ బటన్ మీద నాకు ద్వేషమేమీ లేదు. పెళ్ళి బరాత్‌కు అదే కావాలి. నేర్చుకునే పిల్లవాడి ముందు మాత్రం, మొదటి ఆరు నెలలూ దాని మీద ఒక బొట్టుబిళ్ళ అంటించి మూసేయాలి. అది మోగుతున్నంతసేపు ఏ వేలు కదిలిందో వాడికి వినబడదు.

పెద్దబాపు పెట్టె ఇంకా గుడి వెనక గదిలోనే ఉంది. రెండు మెట్లు నొక్కితే లేవవు, తిత్తికి ఒక మూల చిరుగు. భజనకు ఇప్పుడు కీబోర్డే వాడుతున్నారు, బటన్ డప్పుతో సహా. మొన్న ఫోను చేసి మా వాడు, "మామా, పెట్టె నేను తెచ్చుకుంట అంటే గుళ్ళె ఇస్తరా?" అని అడిగాడు. సర్పంచ్‌ను అడిగి చెబుతానన్నాను. ఆ చిరుగుకు ఏ తోలు వేస్తే నిలుస్తుందో తెలిసిన మిత్రులెవరైనా ఉంటే చెప్పండి.