మన వంటిల్లు: ఆదివారం కూరలు శనివారం దాకా

సెలవు రోజున ఊళ్ళోకి వెళ్ళి సంచీ నిండా కూరగాయలు తెచ్చుకుంటాం. బుధవారం రాత్రి డ్యూటీ దిగి వచ్చేసరికి బెండకాయలు జిగురు కారుతుంటాయి, కొత్తిమీర నల్లబడుతుంది. చెత్తబుట్టలో పడేది మన ఓవర్‌టైం డబ్బే. మా ఇంట్లో ఆరుగురికి ఒకటే ఫ్రిజ్. అన్నీ అందులోనే కుక్కి పాడుచేసుకున్నాక మాకు తెలిసొచ్చింది, చాలా కూరలకు ఫ్రిజ్ అక్కర్లేదని.

ఉల్లి, బంగాళాదుంప బయటే ఉంచుదాం. అయితే రెండూ ఒకే సంచీలో వద్దు, త్వరగా మొలకలొస్తాయి. హీటరుకు దూరంగా, వెలుతురు తగలని చల్లని మూల పెట్టాలి. ఆకుపచ్చగా మారిన, చేదెక్కిన బంగాళాదుంప తినకూడదు. టమాటా, అరటిపండ్ల దగ్గర ఆకుకూరలు పెడితే త్వరగా పసుపెక్కుతాయి.

ఫ్రిజ్ లోపల చల్లదనం 5 డిగ్రీలకు మించకూడదు. ఆకుకూరలను కడగకుండా, పొడి కాగితంలో చుట్టి పెడదాం. వండే ముందే కడుగుదాం. పచ్చిమిర్చికి తొడిమలు తీయాలి. కరివేపాకు, కొత్తిమీర ఫ్రీజరులో నెల దాటినా పనికొస్తాయి. పచ్చి కోడిమాంసం మూతపెట్టి అడుగు అరలోనే ఉంచాలి, దాని నీళ్ళు కూరల మీద పడకూడదు.

వండుకునే వరస కూడా ముఖ్యం. బెండ, వంకాయలు ఎక్కువ చలికి మచ్చలు పడతాయి కాబట్టి ఆకుకూరలతో పాటు వాటిని మొదటి రెండు మూడు రోజుల్లోనే వండేద్దాం. వారం మధ్యలో బీన్స్, కాలీఫ్లవర్. చివరికి క్యాబేజీ, క్యారెట్, ఇక్కడ టర్నిప్ పేరుతో అమ్మే స్వీడ్ దుంప. దీన్ని మందంగా చెక్కు తీసి ముక్కలు కోసి కందిపప్పులో వేస్తే పులుసుకు చక్కగా కుదురుతుంది. డబ్లిన్ మూర్ స్ట్రీట్ బళ్ళ దగ్గరికి వెళ్ళినప్పుడు ఈ వరస గుర్తుపెట్టుకుని కొందాం.

ఫ్రిజ్ పాడైతే సర్దుకుపోవద్దు. ప్రైవేటు అద్దె ఇంట్లో ఫ్రిజ్, ఫ్రీజరు, నాలుగు పొయ్యిల స్టవ్ యజమానే ఇవ్వాలని 2019 నాటి ఐర్లండ్ నిబంధనలు చెబుతున్నాయి. ముందు యజమానికి రాతపూర్వకంగా చెబుదాం, నకలు దాచుకుందాం. వినకపోతే స్థానిక కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు.

ఈ ఆదివారం ఇంట్లో అందరం కూర్చుని ఒకే జాబితా రాసుకుందాం. ఆరు సంచులు కుళ్ళే చోట రెండు సంచులు సరిపోతాయి. మీ ఇంటి చిట్కా ఉంటే రాసి పంపండి, అందరం పంచుకుందాం.