పసికందు తొలి ప్రయాణము

కూఁతురి పురిటికై అమెరికాకుఁ బోవు తల్లులు మనలో నెందఱో కలరు. పొత్తిళ్లలోని బిడ్డను అమ్మమ్మ యొడిలోఁ బెట్టుకొని యింటికిఁ దెచ్చుట మన వాడుక. అచ్చటి కారులో నది చెల్లదు. 1978 లో టెనెసీ రాష్ట్రమున అమలునకు వచ్చిన శిశురక్షణ శాసనము వంటివి 1985 నాఁటికి రాష్ట్రములన్నిటను వెలసెను. కావున కారుసీటు సిద్ధముగా నున్నదా యని ఆసుపత్రి నర్సులు పలుచోట్ల ముందే యడుగుదురు.

ఇందుకు నొచ్చుకొనిన తల్లులను మే మెఱుఁగుదుము. ఇది పెద్దలయెడ అపనమ్మకము కాదు. కారు ఢీకొనిన క్షణమున 3 కిలోల పసికందును నిలుపఁగల శక్తి ఎంతటి ప్రేమగల చేతులకును లేదు.

సీటును వెనుక వరుసలో, బిడ్డ మొగము కారు వెనుకవైపునకుఁ దిరిగియుండునట్లు బిగింపవలెను. పట్టీలు భుజముల మట్టముననో, కొంచెము క్రిందనో వెలువడవలెను. ఱొమ్ముమీఁది బిగింపు చంకల యెత్తున నుండవలెను. మందపు చలికోటు తొడిగి పట్టీలు బిగింపరాదు. బిగించిన పిదప పైని దుప్పటి కప్పవచ్చును. నెలలు నిండని బిడ్డను సీటులోఁ బరుండఁబెట్టి, ఊపిరిని, గుండెను కొంతసేపు కనిపెట్టి చూచిన పిదపనే యింటికిఁ బంపు ఆసుపత్రులును గలవు.

మన దేశమునను 2019 నాఁటి మోటారు వాహనముల సవరణ చట్టము, 14 ఏండ్లు నిండని పిల్లలకు బెల్టుగాని తగిన సీటుగాని యుండవలెనని విధించినది. కావున నొప్పులు రాకమునుపే సీటు బిగించి చూచుకొనుఁడని మా మనవి. ఒడిముచ్చట యిల్లు చేరిన పిదపఁ దీర్చుకొనవచ్చును.