రెండు కొలువులు, ఒక ఇల్లు



ఉద్యోగమూ సేద్యమూ రెండూ లాగే ఇంటి కష్టం మనకు తెలిసినదే. అమెరికాలో కొందరు పైలట్ల బ్రతుకూ అటువంటిదే. కొన్ని దినాలు విమాన సంస్థలో ప్రయాణికులను చేరవేస్తారు. తక్కిన దినాల్లో ఎయిర్ నేషనల్ గార్డులోనో రిజర్వులోనో సైనిక విమానాలు నడుపుతారు. గార్డు సేవ నెలకొక వారాంతం, ఏటా రెండు వారాలు అంటారు గాని, చేయి అలవాటు తప్పకుండా పైలట్లు అంతకంటే ఎక్కువే ఎగరాలి.

1994 నాటి చట్టం సేవకు వెళ్లినవారి ఉద్యోగాన్నీ సీనియారిటీనీ, సాధారణంగా మొత్తం 5 ఏండ్ల వరకు, కాపాడుతుంది. విమాన సంస్థలలో మార్గాలూ సెలవులూ సీనియారిటీని బట్టే గనుక ఇది గొప్ప మేలే.

కాని అలసటను ఏ చట్టం మోస్తుంది? 2014లో అమలైన నియమం ప్రకారం ప్రయాణికుల విమానం నడిపే పైలట్ ప్రతి ప్రయాణానికి ముందు తాను తగిన స్థితిలో ఉన్నానని తానే ధృవపరచాలి. అక్కడ నిజం చెప్పడం అతని మనస్సాక్షికే వదిలిపెట్టారు.

ఇంటి సంగతీ అంతే. రెండు కొలువుల దినాలూ ఒకే క్యాలెండరుపై వ్రాసి, భార్యాభర్తలు కలిసి చూసుకోవాలి. రెండు చోట్లా సరే అన్నవాడు చివరకు కాదనేది ఇంటివారితోనే. మనమూ అలా చేయడం లేదు గదా?