రాక్షసుడి పేజీ



పోయిన వారం శంబుకుడి దగ్గర ఆగాం. ఈ వారం అక్కడి నుంచే ఎత్తుకుందామనుకున్నాను గానీ, మధ్యలో ఒక పిల్లవాడు వచ్చి దారి మళ్లించాడు. మళ్లించినా పోయింది మళ్ళీ శంబుకుడి దగ్గరికే, మీరే చూడండి.

డిగ్రీ సెకండియర్ పిల్లవాడు. ఎస్సీ హాస్టల్లో ఉంటాడు. క్లాసులో నేను ఫూలే గురించి చెప్పాను. 1873లో 'గులాంగిరి' రాస్తూ రాక్షసుడు అనే మాటను ఆయన ఎట్లా తిరగేసి చూపించాడో, రక్షించేవాడే రాక్షసుడు అని ఎందుకు అన్నాడో చెప్పాను. అక్కడి నుంచి త్రిపురనేని రామస్వామి చౌదరి 1920లో రాసిన 'శంబుక వధ'కు వచ్చాను. (ఆ నాటకం శంబుకుణ్ణి నెత్తిన పెట్టుకుంది నిజమే. నెత్తిన పెట్టుకున్న వాళ్ళు మన వాడ దాకా ఎంతమంది నడిచొచ్చారన్నది వేరే పోస్టు.) క్లాసయ్యాక పిల్లవాడు వరండాలో ఆపి అడిగాడు:

"మేడమ్, రాక్షసులంటే మన తాతలే అని చెప్పిన్రు కదా. మేమాడే ఆటల వాళ్ళను చంపితెనే పాయింట్లొస్తయి."

ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. తెలియని వాళ్ళకోసం రెండు ముక్కలు. బోర్డు ఉండక్కర్లేదు, కథే ఆట. నలుగురైదుగురు చుట్టూ కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు, మిగతా వాళ్ళు తలా ఒక పాత్ర. ఏ పని గెలిచిందో ఓడిందో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు మొదలుపెట్టారు. యాభై ఏళ్ళుగా నడుస్తోంది. కథలు జరిగే లోకాలకు విడివిడిగా పుస్తకాలుంటాయి. ఆ లోకంలో ఏ దేశం ఎక్కడుంది, ఎవరు రాజు, ఎవరు దేవుడు, ఎవరు మనిషి, ఎవరు మృగం, అన్నీ వాటిలోనే. వాటిని సోర్స్‌బుక్ అంటారు. మన భాషలో చెప్పాలంటే పురాణం.

పిల్లవాడి స్నేహితులు నలుగురు టౌన్లో రూమ్ తీసుకుని ఉంటారు. ఆదివారం ఆదివారం ఆట. వీణ్ణి పిలిచిన మొదటి రోజు కథ నడిపేవాడు అన్నాడట, "నువ్వు ఆర్క్ తీస్కోరా, నీకు సెట్ అయితది." అందరూ నవ్వారట. వీడూ నవ్వాడట. ఆర్క్ అంటే ఏమిటో అప్పటికి వీడికి తెలియదు. ఆ రాత్రి హాస్టల్లో ఫోన్లో చూసుకున్నాడు. బలం ఎక్కువ, తెలివి తక్కువ, చూడటానికి అసహ్యం.

ఇది విన్నాక నేను ఆ ఆట పుస్తకాలు చదవడం మొదలుపెట్టాను. పీహెచ్‌డీ చేసినప్పుడు కూడా ఇంత పట్టుగా చదివానో లేదో.

చదివితే ఏం తేలిందంటే, ఈ ఆటలో పాత్రను తయారుచేసేటప్పుడు రెండు గళ్ళు నింపాలి. ఒకటి జాతి, అంటే పుట్టుక. రెండోది వృత్తి: యోధుడు, మాంత్రికుడు, పూజారి, దొంగ. వృత్తిని నువ్వు ఎంచుకోవచ్చు. బాగుంది కదా అనుకుంటాం. కానీ 1978 నాటి రూల్ పుస్తకం తెరవండి. ఏ పుట్టుక వాడు ఏ వృత్తిలోకి రావచ్చో, వచ్చినా ఎన్ని మెట్లు ఎక్కవచ్చో పట్టికలు వేసి పెట్టారు. మరుగుజ్జు జాతి వాడు మాంత్రికుడు కాకూడదు. సగం ఆర్క్ పూజారి అయితే కావచ్చు, నాలుగో మెట్టు దాటకూడదు. ఎంత ఆడినా, ఎన్ని యుద్ధాలు గెలిచినా నాలుగే. మనిషికి మాత్రం ఏ వృత్తిలోనూ పుట్టుక అడ్డం రాదు. ఈ పట్టికలు పూర్తిగా పోవడానికి 2000లో వచ్చిన మూడో కూర్పు దాకా ఆగాల్సి వచ్చింది.

ఆ పట్టిక చూస్తుంటే నాకు నవ్వొచ్చింది, తర్వాత నవ్వు ఆగిపోయింది. శంబుకుడు చేసిన తప్పేమిటి? తన పుట్టుకకు రాసిపెట్టిన మెట్టు దాటి తపస్సు చేశాడు. తల ఎందుకు పోయింది? పట్టిక నిలబడాలని. పుట్టుకను బట్టి నాలుగు వర్ణాలు నిలవాలంటే వెనక శిక్ష ఉండి తీరాలని, రాముడు శంబుకుణ్ణి చంపింది అందుకేనని అంబేడ్కర్ 1936లో 'కుల నిర్మూలన'లో చెప్పనే చెప్పాడు. విస్కాన్సిన్‌లో కూర్చుని పుస్తకం రాసిన గైగాక్స్‌కు మనుస్మృతి తెలిసి ఉండాల్సిన పని లేదు. పుట్టుకతో గుణాలు వస్తాయని నమ్మిన చోటల్లా ఆ పట్టిక దానంతట అదే తయారవుతుంది.

మెట్టు పోయాక కూడా మార్కులు పోలేదు. 2016లో వచ్చిన 'వోలోస్ గైడ్ టు మాన్‌స్టర్స్'లో ఆర్క్ పాత్ర తీసుకుంటే తెలివికి రెండు మార్కులు కోత. 2020 మే నెలలో జార్జ్ ఫ్లాయిడ్‌ను పోలీసు మెడ తొక్కి చంపాక, అమెరికాలో అన్నిటిమీదా ప్రశ్నలు లేచినట్టే ఈ ఆట మీదా లేచాయి. జూన్‌లో కంపెనీ ఒక ప్రకటన చేసింది: ఒక జాతి మొత్తాన్ని చెడ్డదిగా చూపడం తప్పని ఒప్పుకుంది. ఆ ఏడాది చివరికల్లా ఆ రెండు మార్కుల కోత ఎత్తేశారు. 2022 డిసెంబర్‌లో 'రేస్' అనే మాటే తీసేస్తున్నామన్నారు.

మా కాలేజీలో ఒక సార్‌తో ఇదంతా అంటే, "ఆటే కదా మేడమ్, దాన్నీ వదలరా మీరు" అన్నాడు. వదలను. మీ ఇళ్ళల్లో వైకుంఠపాళి ఆడి ఉంటారు. పాముల పక్కన ఎవరి పేర్లు రాసి ఉండేవో గుర్తు తెచ్చుకోండి. ఆ అసురుడు, ఈ అసురుడు. నిచ్చెన ఎక్కితే వైకుంఠం, రాక్షసుడి నోట పడితే పాతాళం. చదువు రాని వయసులోనే ఎవరిని చూసి భయపడాలో గవ్వలు వేస్తూ నేర్చుకున్నాం. నేనూ నేర్చుకున్నాను, మాదిగ వాడలో పుట్టి కూడా.

ఈ డంజన్స్ ఆటలోకి రాక్షసుడు 1975లోనే వచ్చాడు. ఎక్కడి నుంచి అనుకున్నారు? రామాయణం నుంచి కాదు. 1974లో అమెరికా టీవీలో వచ్చిన 'కోల్‌చాక్' అనే దయ్యాల సీరియల్లో ఒక ఎపిసోడ్ నుంచి. అందులో రాక్షసుణ్ణి మంత్రించిన బాణంతో చంపుతారు, ఆటలోనూ అదే రూలు పెట్టారు. 1977 నాటి మృగాల పుస్తకంలో వాడికి పులి తల, చేతిలో పొగ గొట్టం, ఒంటి మీద ఖరీదైన బట్టలు. మొదట ఇండియాలో కనిపించిన దుష్టాత్మల జాతి అని వివరణ. అప్పటి నుంచి ఎంతమంది పిల్లలు ఎన్ని దేశాల్లో ఆ బాణం వేసి మార్కులు సంపాదించి ఉంటారో.

ఇప్పుడు అసలు పుస్తకానికి వస్తాను. పిల్లవాడి స్నేహితులు కొత్తగా మొదలుపెడుతున్నది 'వాన్ రిక్టెన్స్ గైడ్ టు రేవెన్‌లాఫ్ట్'. రేవెన్‌లాఫ్ట్ 1983 నుంచీ ఉన్న భయానక లోకం. పొగమంచు మధ్య చిన్న చిన్న రాజ్యాలు, ఒక్కో రాజ్యానికి శాపం తగిలిన పాలకుడు ఒకడు. 2021 మేలో వచ్చిన ఈ సోర్స్‌బుక్‌లో కలకేరి అనే రాజ్యం ఉంది. "మన ఇండియా కథ" అని వాళ్ళు దాన్ని ఎంచుకున్నారు. 1990లలో ఇదే శ్రీ రాజీ అనే పేరుతో ఉండేది. అరిజాని అనే రాక్షసుడు దాని ప్రభువు. అడవులు, గుళ్ళు, పులులు, తెల్లవాడి కలలో ఇండియా.

కలకేరిని తిరిగి రాసింది అజిత్ జార్జ్. తమిళనాడులో పేద, దళిత కుటుంబాల పిల్లలకు చదువు చెప్పే శాంతి భవన్ సంస్థలో పనిచేసే మనిషి. ఆయన చేసిన మార్పు చిన్నదిగా కనిపిస్తుంది. పాత ప్రభువు అరిజాని ఇప్పుడు రాజకుమారుడు. అతనికి రీవా, రమ్య తోడబుట్టిన వాళ్ళు. సింహాసనం కోసం ముగ్గురూ కొట్టుకుంటారు. రమ్య గెలిచి రాణి అవుతుంది. చచ్చిన ఇద్దరూ రాక్షసులై తిరిగొస్తారు. రమ్య కూడా చచ్చి, కవచం తొడుక్కున్న శవమై పాలిస్తుంటుంది.

ఒక తల్లి కడుపున పుట్టిన వాళ్ళలో ఇద్దరు రాక్షసులు, ఒకరు కాదు. అంటే రాక్షసుడిది పుట్టుక కాదు, జరిగిన కథ. పగ, అధికారం, ఎవరు ఎవరిని చంపారన్నది. యాభై ఏళ్ళు జాతిగా నడిచినదాన్ని కొన్ని పేజీల్లో చరిత్రగా మార్చడం మామూలు విషయం కాదు, చేసిన చేతికి దండం. మరుసటి ఏడాది ఆయన, ఎఫ్. వెస్లీ ష్నైడర్ కలిసి 'జర్నీస్ త్రూ ది రేడియంట్ సిటాడెల్' తెచ్చారు. పదమూడు కథలు, అన్నీ తెల్లవాళ్ళు కాని రచయితలవే. అందులో బెంగాల్ నదుల వాసన ఉన్న శంఖభూమి కథ రాసింది మిమి మండల్. కలకత్తా నుంచి వచ్చిన దళిత రచయిత్రి, ఆ మాట దాచుకోకుండా చెప్పుకునే మనిషి. 2018లో హ్యూగో అవార్డు తుది జాబితా దాకా వెళ్ళింది. యాభై ఏళ్ళ ఆటలో ఒక దేశం పటం దళిత స్త్రీ చేత్తో గీయించుకుంది. మా యూనివర్సిటీ సిలబస్ కమిటీల్లో ఈ మాట చెబితే ఎన్ని కనుబొమ్మలు లేస్తాయో నాకు తెలుసు.

అయినా నాకు కలకేరితో పేచీ ఉంది. ముగ్గురూ రాజు బిడ్డలే. కథంతా సింహాసనం చుట్టూ. ఆ మహల్ ఊడ్చేది ఎవరు? అన్ని శవాలు లేచి తిరిగే రాజ్యంలో శవాలు మోసేది ఎవరు, డప్పు కొట్టేది ఎవరు? కులాన్ని వేడుకగా పెట్టిన పుస్తకాలూ ఉన్నాయి. 1993 నాటి 'చాంపియన్స్ ఆఫ్ మిస్టారా'లో సింధ్ అనే రాజ్యానికి పుట్టుక కులాలు వరసగా పేర్చి పెట్టారు, కూరలో కరివేపాకులా. అట్లా పెట్టడం కంటే పెట్టకపోవడమే మర్యాద అనిపించొచ్చు. కానీ కులం లేని ఇండియాను ఊహించుకోవడం ఎవరికి సుఖం? ఆదివారం ఆ రూములో కూర్చునే నలుగురికి సుఖం. "మన ఇండియా కథ" అని వాళ్ళు హాయిగా అనగలిగింది అందుకే. ఆ కంపెనీ ఉన్న రెంటన్‌కు పక్కనే సియాటిల్. 2023 ఫిబ్రవరిలో కులవివక్షను నిషేధిస్తూ చట్టం చేసింది ఆ నగరమే. కులం అక్కడికి విమానమెక్కి చేరింది, ఆట పుస్తకంలోకి మాత్రం రాలేదు.

ఇంకో సంగతి. 2024లో వచ్చిన కొత్త రూల్ పుస్తకంలో పుట్టుకకు మార్కులు లేవు. సంతోషం. మరి ఆ మార్కులు ఎక్కడికి పోయాయి? 'నేపథ్యం' అనే గడిలోకి. నీ పాత్ర ఇంతకుముందు ఏ పని చేసిందో దాన్ని బట్టి ఇప్పుడు మార్కులు. రైతు అని రాసుకుంటే బలం, ఓర్పు, వివేకం పెంచుకోవచ్చు. కులీనుడు అని రాసుకుంటే బలం, తెలివి, ఆకర్షణ. రైతుకు తెలివి పెంచుకునే వీలు ఆ గడిలో లేదు. అన్నీ పాచిక వేసి సరిచేసుకోవచ్చు, ఇష్టమైతే రూలు మార్చుకోవచ్చు అంటారు ఆడేవాళ్ళు, అదీ నిజమే. కానీ అచ్చులో ఉన్నది ఇది. జాతి తీసి కులవృత్తి పెట్టారు. ఆర్యసమాజం వాళ్ళు పుట్టుక కాదు, గుణాన్ని బట్టే వర్ణం అన్నప్పుడు, మరి పాత పేర్లే ఎందుకు ఉంచుతారని అంబేడ్కర్ అడిగాడు. ఆ ప్రశ్న రెంటన్‌కు కూడా పోస్టు చేయాలి.

ఇవన్నీ నేను చెబుతుంటే పిల్లవాడు శ్రద్ధగానే విన్నాడు. చివరికి తన ప్రశ్న దగ్గరికే వచ్చాడు. "సరే మేడమ్. మరి కలకేరిల నేనెవరు?"

నా దగ్గర జవాబు లేదు. మా అమ్మమ్మ ఊరు గుర్తొచ్చింది. చిన్నప్పుడు ఒకసారి డక్కలోళ్ళు వచ్చారు. వాడలో పటం విప్పి, బొమ్మ బొమ్మకూ పుల్ల ఆనించి జాంబపురాణం చెప్పారు. భూమి పుట్టక ఆరు నెలల ముందే ఆదిజాంబవుడు పుట్టాడని చెప్పినప్పుడు మా అమ్మమ్మ చీర చెంగు సర్దుకుని కూర్చున్న తీరు ఇంకా కళ్ళల్లో ఉంది. లోకం ఎట్లా పుట్టింది, ఎవరు ముందు, ఎవరు వెనక, ఎవరికి ఎక్కడ మోసం జరిగింది, అంతా అందులో ఉంది. అది మా సోర్స్‌బుక్. నేను తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ చేసే నాటికి అది 'జానపదం' అనే గదిలోకి పోయింది. మనుచరిత్ర మాత్రం 'ప్రబంధం' గదిలో ఉంది. అక్కడా మెట్లున్నాయి. జాషువా 1941లో 'గబ్బిలం' రాసినప్పుడు మేఘం చోట గబ్బిలాన్ని పెట్టాడు. కాళిదాసు రూలు పుస్తకం తీసుకుని తన ఆట ఆడాడు.

పిల్లవాడికి జాంబపురాణం కథ చెప్పాను. వాడు మధ్యలో రెండుసార్లు ఆపి, ఆదిజాంబవుడికి ఆయుధం ఏముందని అడిగాడు. తర్వాత నోట్‌బుక్ తీశాడు. కలకేరికి ఉత్తరాన అడవి అంచున ఒక వాడ గీశాడు. మహల్లో లేచిన శవాల్ని మళ్ళీ పండబెట్టే విద్య ఆ వాడ వాళ్ళకే తెలుసు, అందుకే రమ్య సైన్యం వాళ్ళ జోలికి రాదు, రాక్షసులిద్దరూ రాత్రిపూట వాళ్ళ దగ్గరికే సలహాకు వస్తారు అని రాశాడు. ఈ ఆదివారం కథ తానే నడుపుతానని ఆ నలుగురికీ మెసేజ్ పెట్టాడు.

ముగ్గురు సరే అన్నారు. ఆర్క్ తీసుకోమన్నవాడు ఇంకా జవాబు ఇవ్వలేదు. మెసేజ్ చూసినట్టు రెండు నీలం టిక్కులు మాత్రం పడ్డాయి.