కెమెరా బయటికి తీసే ముందు

కిందటి వేసవి సెలవుల్లో మేము, మన బడికి పిల్లల్ని పంపే మరో రెండు కుటుంబాల వాళ్ళు కలిసి సాల్స్‌బరీ వెళ్ళాం. నిజానికి బయలుదేరింది స్టోన్‌హెంజ్ చూద్దామని. తిరిగి వస్తూ, ఎలాగూ ఇంత దూరం వచ్చాం కదా అని కెథీడ్రల్ దగ్గర ఆగాం. హనుమకొండ నుంచి వచ్చిన మా అమ్మ కూడా మాతోనే ఉంది. ఇంటికొచ్చి చూసుకుంటే మూడు కుటుంబాలవీ కలిపి నాలుగు వందల పైచిలుకు ఫొటోలు తేలాయి. వాటిలో మన మొహాలు లేనివి పదకొండే!

నవ్వుకోవడానికి బాగానే ఉంది గానీ, ఆ రోజు జరిగిన ఒక విషయం మమ్మల్ని ఇంకా వదల్లేదు. లోపలికి అడుగుపెట్టగానే అమ్మ చెప్పులు ఎక్కడ విడవాలని అడిగింది. అక్కర్లేదన్నాం. కొంచెం ముందుకెళ్ళి, ఆ ఎత్తయిన స్తంభాల మధ్య ఆగి, కళ్ళు మూసుకుని దండం పెట్టుకుంది. మేమేమో వెనకనుంచి, "అమ్మా, ఇటు చూడు, ఇటు!" అని కేకేశాం. ఉలిక్కిపడి తిరిగింది. ఫ్లాష్ వెలిగింది. పక్కన బెంచీ మీద మౌనంగా కూర్చున్న ఒక పెద్దావిడ లేచి వెళ్ళిపోయింది. మమ్మల్ని ఎవరూ ఏమీ అనలేదు. అన్నా బాగుండేది.

తిరుమలలో గుడిలోకి ఫోన్ తీసుకెళ్ళనివ్వరు. మనం మారు మాట్లాడకుండా అప్పగించి వెళతాం. ఇక్కడ ఫొటోలు తీసుకోనిస్తారు కాబట్టి ఇది మ్యూజియం అనుకుంటున్నామా? "అక్కడ తీయకూడదు, ఇక్కడ తీయొచ్చు, ఎందుకు?" అని కారులో మా చిన్నవాడు అడిగితే ముగ్గురు తండ్రులమూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అది ఈనాటికీ రోజూ ప్రార్థనలు జరిగే చోటు. తీయనివ్వడం వాళ్ళ మర్యాద. ఎప్పుడు ఆపాలో తెలుసుకోవడం మన మర్యాద. అక్కడే ఉన్న మాగ్నా కార్టా ప్రతిని మాత్రం ఫొటో తీయనివ్వరు. 1215 నాటి ప్రతుల్లో మిగిలినవి నాలుగే, వాటిలో ఇదొకటి. చిత్రమేమిటంటే, మన పిల్లలందరికీ బాగా గుర్తున్నది అదే. ఫొటో లేదు కాబట్టి కళ్ళతో చూశారు మరి!

ఫ్లాష్ సంగతి కూడా చెప్పుకోవాలి. ఆ పైకప్పు ఎత్తు 84 అడుగులు. మన ఫోన్ వెలుగు పట్టుమని పది పదిహేనడుగులు దాటదు. పక్కవాళ్ళ కళ్ళలో పడటం తప్ప దానివల్ల ప్రయోజనం లేదు. దాన్ని ఆపేసి, మోచేతులు ఒంటికి ఆనించి, ఊపిరి బిగబట్టి తీస్తే కిటికీ అద్దాల రంగులు ఎంతో బాగా వస్తాయి. బయట గోపురం తీసేటప్పుడు దగ్గర నిలబడి ఫోన్ పైకెత్తితే అది వెనక్కి పడిపోతున్నట్టు వస్తుంది. పచ్చిక మీద బాగా వెనక్కి నడవాలి. అయితే అది కాస్త వంగి ఉన్నమాట నిజమే. 1668లో క్రిస్టఫర్ రెన్ కొలిపించి చూస్తే దాదాపు రెండున్నర అడుగుల ఒరుగు తేలింది. అంతా ఫోన్ తప్పే కాదన్నమాట!

404 అడుగుల ఆ శిఖరం ఈ దేశంలోని చర్చి శిఖరాలన్నిటిలోకీ ఎత్తయినది. మొదట కట్టినవాళ్ళ లెక్కలో అది లేదట, తరువాతి తరాలవాళ్ళు నిలిపారు. దాని బరువుకి కింద స్తంభాలు వంగాయి. మధ్యలో నిలబడి తలెత్తితే ఆ వంపు మామూలు కంటికే తెలుస్తుంది. పునాది లోతు చూస్తే నాలుగడుగులే. మా నాలుగు వందల ఫొటోల్లో ఆ వంగిన స్తంభం ఒక్కదాన్లోనూ లేదు. ముళ్ళు లేని పాత గడియారం లేదు. 2008లో పెట్టిన నీళ్ళ తొట్టి మాత్రం ఇరవై సార్లు ఉంది. నిశ్చలమైన ఆ నీళ్ళలో పైకప్పు మొత్తం కనబడుతుంది. దాన్ని చూసి మా అమ్మాయి జుట్టు సవరించుకుంటున్న ఫొటోలు అవి.

ఒక మిత్రుడు మా మాట ఒప్పుకోలేదు. "ఊళ్ళో వాళ్ళు వచ్చి చూడలేరు, మనం అక్కడ నిలబడ్డ ఫొటో చూస్తేనే వాళ్ళకి సంతోషం" అన్నాడు. నిజమే. గ్రూప్ ఫొటో వద్దని మేమూ అనడం లేదు. బయట పచ్చిక మీద హాయిగా తీసుకోవచ్చు. లోపల మాత్రం మొదటి పది నిమిషాలు ఫోన్ సంచీలోనే ఉండాలని మా అభిప్రాయం. ఆ తరువాత పిల్లలు తలా ఒక్క ఫొటో, మనుషులు లేకుండా తీయాలి. దాని కింద రెండు తెలుగు వాక్యాలు వాళ్ళే రాయాలి. "ఈ రాయి వంగింది" అని రాసినా చాలు. మన బడి గోడకి ఇంతకన్నా మంచి అలంకారం ఏముంటుంది?

అమ్మే ఇంకో మాట అడిగింది: "మన రామప్ప గుడంత పాతదా ఇది?" వెతికి చూశాం. పాలంపేట శాసనం 1213 నాటిది. కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడు. సాల్స్‌బరీ శంకుస్థాపన 1220లో జరిగింది. ఏడేళ్ళే తేడా! అక్కడ ఇసుక నింపిన పునాది, నీళ్ళ మీద తేలే ఇటుకలతో కట్టిన గోపురం. ఇక్కడ నాలుగడుగుల పునాది మీద ఇంత శిఖరం. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చినప్పుడు రామప్ప వార్తని అందరికీ ఫార్వర్డ్ చేశాం గానీ, ఇన్నిసార్లు హనుమకొండ వెళ్ళినా పిల్లల్ని ఒక్కసారి తీసుకెళ్ళలేదు.

మొన్న ఫోన్‌లో అమ్మ, "నేను దండం పెట్టుకున్న ఫొటో పంపుర్రి" అంది. లేదమ్మా, నువ్వు మా వైపు తిరిగినదే ఉంది అన్నాం. "దేవుని ముంగట నిలబడ్డప్పుడు పిలిస్తిరి, ఇప్పుడు లేదంటున్రు" అంది.

డిసెంబరు సెలవులకి టికెట్లు కొన్నాం. రామప్పకి పొద్దున్నే పోవాలని, అప్పుడైతే జనం ఉండరని అమ్మ ఇప్పటికే రెండుసార్లు చెప్పింది.