తాళం ఇచ్చాం సరే, సీటెత్తి చూపించామా?

మన ఇళ్లలో ఆడపిల్లకి బండి నేర్పడం అంటే ఏం నేర్పుతామో ఒకసారి గుర్తు చేసుకోండి. కాలేజీ గ్రౌండులోనో, ఊరి చివర కొత్త లేఅవుట్ రోడ్ల మీదో, వెనక నాన్నో అన్నయ్యో కూర్చుని నాలుగు రౌండ్లు కొట్టిస్తారు. బ్రేకు, హారను, ఇండికేటరు చూపిస్తారు. "స్పీడు వద్దు, హైవే ఎక్కకు, చున్నీ జాగ్రత్త" అని చెప్తారు. అక్కడితో చదువు పూర్తి. అదే ఇంట్లో మగపిల్లాడైతే, బండి సర్వీసుకి ఇచ్చినప్పుడల్లా "పక్కన నిలబడి చూసుకురా" అని వాణ్ణే పంపుతాం. ఆ నిలబడటంలోనే వాడికి సగం విద్య వచ్చేస్తుంది. అమ్మాయి చేతికి తాళం వస్తుంది గానీ, సీటు ఎత్తి కింద ఏముందో ఎవరూ చూపించరు.

బండి నడపడం నేర్పి, అది ఆగిపోతే ఏం చూసుకోవాలో నేర్పకపోతే అది సగం నేర్పే. ఆ మిగతా సగం కూడా ఆడపిల్లకి ఇంట్లోనే, తాళం ఇచ్చే రోజే నేర్పాలని నేనంటాను. సరదా కోసం కాదు, ఉద్యోగం నిలబడటం కోసం.

మన రెండు జిల్లాల్లో పొద్దున్న ఎనిమిదింటికి రోడ్డు మీద నిలబడి చూడండి. విజయనగరం నుంచి గజపతినగరం వైపు, నెల్లిమర్ల వైపు, చీపురుపల్లి వైపు; శ్రీకాకుళం నుంచి ఆమదాలవలస, పొందూరు, ఎచ్చెర్ల, రణస్థలం వైపు ఎంతమంది ఆడవాళ్లు బళ్ల మీద వెళ్తున్నారో. టీచర్లు, నర్సమ్మలు, బ్యాంకు ఉద్యోగులు. 2019 అక్టోబరులో సచివాలయాలు మొదలయ్యాక మన పిల్లలు చాలామంది పక్క మండలాల్లో ఉద్యోగాల్లో చేరారు. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మనకి టికెట్ లేదు, అది మంచి మాటే. కానీ బస్సు మెయిన్ రోడ్డు మీద దింపేస్తే, అక్కణ్ణుంచి లోపలికి నాలుగైదు కిలోమీటర్లుండే ఊళ్ల సంగతేంటి? అక్కడికి బండే దిక్కు.

ఆ బండి మధ్యదారిలో ఆగింది అనుకుందాం. మనవైపు జనం మంచివాళ్లే. రెండు నిమిషాల్లో ఎవరో ఒకరు ఆగి "ఏటైనాదమ్మా, బండి ఆగిపోనాదా?" అని అడుగుతారు. ఇంకో నిమిషానికి నలుగురవుతారు. ఒకాయన కిక్కు కొడతాడు, ఇంకొకాయన బండిని అటూ ఇటూ ఊపుతాడు, మరొకాయన "నేను తోస్తాను, నువ్వెక్కి రెయిజ్ చెయ్యమ్మా" అంటాడు. మన పిల్ల హ్యాండ్‌బ్యాగ్ పట్టుకుని పక్కన నిలబడుతుంది, పెళ్లివారి ముందు నిలబడ్డట్టు. నిజానికి గేర్లు లేని స్కూటీని తోసి స్టార్ట్ చెయ్యడం కుదరదు. గేరు బండిలో చక్రం తిరిగితే ఇంజను తిరుగుతుంది. స్కూటీలో చక్రాన్ని ఎంత తోసినా, ఆ మధ్యలో ఉండే క్లచ్చు ఇంజనుని తిప్పదు. ఈ ఒక్క ముక్క తెలిసుంటే "వద్దండి బాబూ, ఇది తోస్తే స్టార్టవదు" అని చెప్పగలదు. ఆ మాట అన్న క్షణం నుంచి చుట్టూ ఉన్నవాళ్లు ఆమెతో మాట్లాడే తీరే మారిపోతుంది.

తెలియకపోతే ఏమవుతుందో కూడా చూశాను. మా దూరపు బంధువుల కోడలు ఒకమ్మాయి రాజాం వైపు ఒక ప్రైవేటు స్కూల్లో టీచరుగా చేసేది. ఒక వర్షాకాలంలో రెండుసార్లు బండి దారిలో ఆగింది. రెండుసార్లూ వాళ్ల మావయ్యగారు పని మానుకుని వెళ్లి తీసుకొచ్చారు. మూడోసారి బండి ఆగకముందే ఉద్యోగం ఆగిపోయింది. "ఎందుకమ్మా ఈ తిప్పలు, ఇంటి పట్టున ఉండు" అన్నారు. ప్రేమగానే అన్నారు, అదే బాధ. తర్వాత ఆ బండిని మరిది వాడుకుంటుంటే మళ్లీ ఆగింది. జబ్బేమిటంటే, ప్లగ్గు మీద తొడిగే క్యాపు వదులై వానకి తడి చేరుతోంది. తుడిచి గట్టిగా నొక్కితే సరిపోయింది. వాణ్ణి మాత్రం ఎవరూ ఉద్యోగం మానమనలేదు. క్యాపు అంటే ఏమిటో తెలియకపోవడం ఒకరికి జీతం పోగొట్టింది.

"మనకి మెషిన్లు ఎక్కడ అర్థమవుతాయి" అంటారా? మిక్సీ తిరుగుతూ తిరుగుతూ టక్కున ఆగితే మీరేం చేస్తారు? జారు తీసి, మిక్సీని బోర్లించి, అడుగున ఉన్న ఎర్ర బటన్ నొక్కుతారు. కుక్కర్ విజిల్ రాకపోతే? గాస్కెట్ చూస్తారు, వెయిట్ తీసి కన్నంలో మెతుకు ఇరుక్కుందేమో చూస్తారు, నీళ్లు పోశామా లేదా చూస్తారు. స్టవ్ మంట ఎర్రగా వస్తుంటే బర్నర్ కడుగుతారు. చిన్నది ముందు, పెద్దది తర్వాత. ఖర్చు లేనిది ముందు, ఖర్చున్నది తర్వాత. మెకానిక్ చేసేదీ ఇదే. ఆ బుర్ర మనకి ఎప్పట్నుంచో ఉంది. బండి భాగాల పేర్లే మనకి చెప్పలేదు.

ఆ పేర్లు కొన్ని చెప్పుకుందాం. బండి ఆగగానే ముందు ఎడమ పక్కకి తీసి, స్టాండు వేసి, ఇండికేటర్ వెయ్యండి. తర్వాత ఎలా ఆగిందో గుర్తు చేసుకోండి. దగ్గుతూ, కుదుపులిస్తూ ఆగిందా? అయితే ఎక్కువగా పెట్రోలు అందకపోవడమే. ముల్లుని నమ్మకండి, చాలా బళ్లలో అది అబద్ధాలాడుతుంది. ట్యాంకు మూత తీసి బండిని కాస్త ఊపి చూడండి. అలా కాకుండా కరెంటు పోయినప్పుడు ఫ్యాను ఆగినట్టు టక్కున ఆగిందా? అయితే కరెంటు సంగతి చూడాలి. హారను కొట్టండి. హారను, లైటు, సెల్ఫ్ ఏదీ పలక్కపోతే ఫ్యూజు పోయి ఉండొచ్చు, లేదా బ్యాటరీ వైరు వదులై ఉండొచ్చు. చాలా బళ్లలో ఫ్యూజు బ్యాటరీ దగ్గరే చిన్న డబ్బాలో ఉంటుంది, పక్కనే స్పేరు కూడా పెట్టి ఇస్తారు. తాళం తీసేసి పాతది లాగి కొత్తది గుచ్చడమే. అది కూడా వెంటనే కాలిపోతే మాత్రం ఇంక ముట్టుకోకండి, లోపల ఎక్కడో వైరు తగులుతోందన్నమాట.

హారను నీరసంగా మోగి, సెల్ఫ్ నొక్కితే టిక్కుటిక్కుమని ఊరుకుంటే బ్యాటరీ దిగిపోయింది. కిక్కు ఉన్న బండైతే సెంటర్ స్టాండు వేసి కొట్టి చూడండి. హారను, లైటు బాగానే ఉండి సెల్ఫ్ ఒక్కటే పలకడం లేదా? బ్రేకు పట్టుకున్నారా చూడండి, స్కూటీకి బ్రేకు పట్టుకుంటేనే సెల్ఫ్ పనిచేస్తుంది. కుడిచేతి వైపు ఎర్ర స్విచ్ ఉంటే అది ఆఫ్‌లో ఉందేమో చూడండి. పార్కింగులో పిల్లలు నొక్కేసి పోతారు. కొన్ని కొత్త బళ్లు సైడ్ స్టాండు తీస్తే గానీ స్టార్టవవు. ఇంజను శబ్దం వస్తోంది, రెయిజ్ చేస్తే అరుస్తోంది, బండి మాత్రం కదలదా? స్కూటీ అయితే లోపల బెల్టు తెగి ఉండొచ్చు. అది రోడ్డు మీద అయ్యే పని కాదు, నేరుగా మెకానిక్‌కి ఫోన్ చెయ్యండి.

పంచరైతే టైరు పక్కన ట్యూబ్‌లెస్ అని రాసుందేమో చూడండి. ఉంటే మేకు పీకకండి. మేకు ఉన్నంతసేపూ గాలి మెల్లగా పోతుంది, పీకితే ఒక్కసారిగా పోతుంది. మెల్లగా దగ్గర్లోని పంచర్ షాపు దాకా వెళ్లొచ్చు. ట్యూబు ఉన్న టైరైతే గాలి లేకుండా నడపకూడదు, ట్యూబుతో పాటు టైరూ పోతుంది.

ఇక మన దగ్గర వానల సంగతి. అక్టోబరు వచ్చిందంటే మనకి ఆకాశం మీద ఓ కన్ను. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, రెండూ అక్టోబరులోనే వచ్చాయి. నిలిచిన నీళ్లలో సైలెన్సర్ మునిగి బండి ఆగితే, అక్కడే సెల్ఫ్ మీద సెల్ఫ్ కొట్టకండి. లోపలికి నీళ్లు వెళ్లుంటే ఇంజనే పాడవుతుంది. తోసుకుంటూ గట్టు మీదకి తెచ్చి మెకానిక్‌కి చూపించాకే స్టార్ట్ చెయ్యాలి. ఇంకొకటి, ఆగిన వెంటనే ఇంజను, సైలెన్సరు మండిపోతుంటాయి. పది నిమిషాలు ఆగి, అప్పుడు చెయ్యి పెట్టండి.

ఇక్కడ ఒక తమాషా ఉంది. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 బళ్లు వచ్చాక, మన ఇంట్లో మగవాళ్ల విద్య కూడా చాలామటుకు పాతబడిపోయింది. చోక్ లాగడం, కార్బొరేటర్ విప్పి ఊదడం, పెట్రోలు కాక్ రిజర్వ్‌లోకి తిప్పడం, ఇవేవీ చాలా కొత్త బళ్లలో లేవు. కొన్నింటికి కిక్కే లేదు. వాటిలో పెట్రోలుని కంప్యూటర్ లెక్కపెట్టి చిమ్ముతుంది. డ్యాష్‌బోర్డు మీద ఇంజను బొమ్మతో పసుపు లైటు ఒకటుంటుంది. బండి స్టార్టయ్యాక కూడా అది వెలుగుతూనే ఉంటే ఏదో తేడా ఉందని చెప్తున్నట్టు. పెట్రోలు పంపు ట్యాంకులోనే మునిగి ఉంటుంది కాబట్టి, ట్యాంకు ఎండే దాకా నడిపితే ఆ పంపుకి చేటు. అంటే ఇప్పుడు ఇంట్లో అందరూ ఒకటో తరగతిలోనే ఉన్నారు. అమ్మాయి కూడా ఆ బెంచీలో కూర్చోవడానికి ఇంతకంటే మంచి సమయం లేదు.

ఈ విషయం మాట్లాడుతూ 2019 నవంబరు గురించి మాట్లాడకపోతే నిజాయితీ కాదు. హైదరాబాద్ శివార్లలో, శంషాబాద్ దగ్గర, ఒక పశువుల డాక్టరమ్మ స్కూటీ టైరు గాలి కావాలనే తీసేసి, సాయం చేస్తామని వచ్చి ఆమెని చంపేశారు. ఆమెకి బండి గురించి తెలిసుంటే అనే మాట నేను చచ్చినా అనను. ఆ పాపం చేసినవాళ్లదే, ఇంకెవరిదీ కాదు. పంచర్ వెయ్యడం వస్తే దుర్మార్గుడు ఆగడు. కానీ ఆ తర్వాత మన ఇళ్లలో ఏం జరిగింది? భయపడ్డాం, అది సహజం. ఆ భయంతో ఎన్ని ఇళ్లలో తాళం వెనక్కి తీసుకున్నారు? ఎన్ని ఇళ్లలో సీటెత్తి చూపించారు? పిల్లని ఆపడం సులువు, ఆదివారం ఒక గంట కూర్చుని నేర్పడం కష్టం. మనం సులువైన దారి పట్టాం.

బండి గురించి ఎంత తెలిసినా, చీకటి పడ్డాక నిర్మానుష్యంగా ఉన్న చోట రిపేరు పెట్టుకోమని నేను చెప్పను. జాగ్రత్త వేరు, బెరుకు వేరు. అలాంటప్పుడు బండికంటే మనిషి ముఖ్యం. తాళం వేసి, వెలుతురున్న చోటికి, బంకు దగ్గరికో కొట్టు దగ్గరికో నడిచి, ఇంటికి లొకేషన్ పంపి, అవసరమైతే 112కి ఫోన్ చెయ్యాలి. మన 16వ నంబరు రోడ్డు లాంటి జాతీయ రహదారి మీద ఆగితే 1033కి చెయ్యొచ్చు. బండి రేపు తెచ్చుకోవచ్చు. ఇదీ నేర్పాల్సిన పాఠమే, "అసలు వెళ్లకు" అనే పాఠానికి బదులుగా.

మోటారు బండ్ల చరిత్రలో మొదటి దూరప్రయాణం చేసింది ఒక ఇల్లాలేనని మీకు తెలుసా? 1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ అనే ఆవిడ, భర్త తయారుచేసిన మూడు చక్రాల మోటారు బండిలో ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని, ఆయనకి చెప్పకుండా వంద కిలోమీటర్ల దూరంలోని పుట్టింటికి బయల్దేరింది. దారిలో పెట్రోలు గొట్టం మూసుకుపోతే టోపీకి పెట్టుకునే పిన్నుతో పొడిచి శుభ్రం చేసిందట. బ్రేకు అరిగిపోతే చెప్పులు కుట్టేవాడి చేత తోలు కొట్టించింది. ఇంధనం మందుల షాపులో కొనుక్కుంది. అప్పటికి దారిలో మెకానిక్ షాపులే లేవు. స్టవ్ బర్నర్‌ని పిన్నీసుతో పొడిచే మనకి ఆవిడ పరాయిదేం కాదు.

"ఫోన్ చేస్తే వచ్చే మెకానిక్ ఉండగా మనకెందుకమ్మా" అంటారు కొందరు. నిజమే, డాక్టరున్నాడని థర్మామీటరు చూడటం మానేశామా? మెకానిక్‌కి ఫోన్ చేసి "బండి ఆగిపోయిందండి" అంటే ఆయన ఏం పట్టుకుని రావాలో ఆయనకే తెలీదు. "హారను మోగుతోంది, పెట్రోలు ఉంది, సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజను అందుకోవడం లేదు" అని చెప్తే ప్లగ్గు పట్టుకుని వస్తాడు. బిల్లులో లేనిపోనివి రాయడానికీ ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాడు.

వచ్చే ఆదివారం టిఫిన్లయ్యాక ఒక గంట పెట్టుకోండి. అమ్మాయినీ, కోడల్నీ, వీలైతే అత్తగారినీ బండి దగ్గరికి పిలవండి. బండితో ఇచ్చిన పుస్తకం బీరువాలోంచి తియ్యండి. సీటెత్తి టూల్‌కిట్, బ్యాటరీ, ఫ్యూజు, ప్లగ్గు ఎక్కడున్నాయో వాళ్ల చేత్తోనే తాకించండి. ఫ్యూజు ఒకసారి వాళ్లనే తీసి పెట్టమనండి. ఇంటి మెకానిక్ నంబరు నాన్న ఫోన్‌లోనే కాదు, అమ్మాయి ఫోన్‌లోనూ ఉండాలి. ఈసారి సర్వీసుకి బండి తీసుకెళ్లేది ఆమే కావాలి, పక్కన నిలబడి "ఇదేంటి బాబూ, ఇదెందుకు మార్చారు" అని అడిగేదీ ఆమే కావాలి. చేతులకి నూనె మసి అంటుతుంది, అంటనివ్వండి. పసుపు మరక కంటే తొందరగానే పోతుంది.